ఖాళీ జాగానే ఇల్లుగా మలిచిన జెఫ్రీ బావా

శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా (1919–2003) ఈ వృత్తిలోకి ఆలస్యంగా వచ్చారు. కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్యం, లండన్‌లో న్యాయశాస్త్రం చదివి లాయరయ్యారు గానీ ఆ పనిలో మనసు నిలవలేదు. 1948లో బెంతోట దగ్గర లునుగంగ అనే పాడుబడ్డ రబ్బరు తోట కొన్నారు. దాన్ని అనుకున్నట్టు తీర్చిదిద్దాలంటే తనకు నిర్మాణ విద్య కావాలని అక్కడే తెలిసొచ్చింది. మళ్లీ లండన్ వెళ్లి, 1957లో ఆర్కిటెక్చర్ పట్టా పుచ్చుకునేసరికి 38 ఏళ్లు.

తొలినాళ్లలో ఆయనా నాటి యూరప్ పద్ధతిలోనే తెల్లటి గోడలు, సూటి గీతల కట్టడాలు కట్టారు. ఏటా రెండు రుతుపవనాలు తడిపే నేలకు అవి నప్పవని త్వరలోనే గ్రహించారు. డెన్మార్క్ ఆర్కిటెక్ట్ ఉల్రిక్ ప్లెస్నర్ తోడుగా లంకలోని పాత ఇళ్లను శ్రద్ధగా పరిశీలించారు. 1960లలో దిగుమతుల మీద ఆంక్షలుండేవి. ఉక్కు, గాజు దొరకడం గగనమై ఇటుక, కర్ర, రాయి, పెంకుల వైపు మరింత మొగ్గారు. సిమెంటు రేకుల మీద గూన పెంకులు పరిచి, పాత కప్పు అందం చెడకుండా వాన కారకుండా చేశారు.

1960–62లో బాతిక్ కళాకారిణి ఈనా డి సిల్వాకు కొలంబోలో కట్టిన ఇల్లు ఆయన దారిని తేల్చింది. వీధివైపు గోడ. లోపల మామిడిచెట్టు ఉన్న పెద్ద ముంగిలి, చుట్టూ వరండాలు, వాటి వెనక చిన్న చిన్న ముంగిళ్లు. ఒకచోట నిలబడితే ఇంటి ఆ చివరిదాకా చూపు సాగుతుంది, గాలీ ఆడుతుంది. మన కోస్తా జిల్లాల మండువా లోగిలిని ఎరిగినవారికి ఇది పరిచితమే. ఇరుకైన నగరపు స్థలంలోనూ ఆ సుఖం సాధ్యమేనని నిరూపించడం బావా ఘనత. తను ఉండే 33వ లేన్‌లోనూ నాలుగు చిన్న ఇళ్లను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ, వెలుతురు పడే చిన్న ముంగిళ్లతో ఒకే ఇల్లు చేశారు.

1982లో కోట్టె చెరువులో పార్లమెంటు భవనం, 1994లో కొండను ఆనుకుని కందలమ హోటల్ కట్టాక కూడా ఇళ్లను వదల్లేదు. 1998 నాటి మిరిస్సలోని జయవర్ధనే ఇంట్లో సన్నటి ఉక్కు స్తంభాల మీద నిలిచిన కప్పే ప్రధానం. అంతా సముద్రానికి తెరిచే ఉంటుంది.

ఈనా ఇంటిని 2009లో విప్పి, రాళ్లకూ దూలాలకూ అంకెలు వేసి లునుగంగకు తరలించి, 2016 నాటికి తిరిగి నిలబెట్టారు. అంత శ్రమకు తగిన ఇల్లది. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు స్థలమంతా గదులతో నింపేముందు ఒక్కసారి దాని ప్లాను చూడండి. నడుమ కాస్త జాగా ఆకాశానికి వదలండి.