వెండితెర మీది సీమ

మాది సిరిగేరి. బళ్లారి జిల్లాలో సిరుగుప్ప వైపు, తుంగభద్ర కాలువ కింద వరి పండే ఊరు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, సంతలో రెండూ. సినిమా దగ్గరికొచ్చేసరికి తెలుగే ఎక్కువ. 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' వచ్చింది. అది చూసొచ్చిన మా పక్కింటి కన్నడ పెద్దాయన, "ఏమప్పా, మీ సీమలో నిజంగానే అట్లా నరుక్కుంటారా?" అని అడిగాడు. నరకడం సంగతి అటుంచి, 'మీ సీమ' అన్న మాట దగ్గరే నాకు చిక్కొచ్చి పడింది. ఆ సీమ ఆయనది కూడా మరి!

1800లో నిజాం కుంపిణీకి రాసిచ్చిన దత్తమండలంలో బళ్లారి పెద్ద ముక్క. 1882లో బళ్లారి జిల్లాను చీల్చే అనంతపురం జిల్లా చేశారు. 'రాయలసీమ' అన్న పేరు వచ్చింది 1928లో, నంద్యాల సభల్లో. చిలుకూరి నారాయణరావు గారు సూచించిన పేరది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, మనం మైసూరు రాష్ట్రంలో చేరాం. గీత అయితే గీశారు గాని పెళ్లి సంబంధాలూ కరువులూ ఆ గీతను ఎన్నడూ లెక్కచెయ్యలేదు.

ఇక కత్తుల సంగతి. 1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న తామస్ మన్రోకు 80 మంది పాళెగాళ్లు ఎదురయ్యారు. కొందరిని సైన్యంతో అణిచాడు, కొందరికి పింఛను కట్టాడు. వాళ్ల కింద మాన్యాలు తిని కావలి కాసిన కట్టుబడివాళ్ల బతుకు మాత్రం రానురాను గాలికి పోయింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. పాళెగాళ్ల నెత్తురే నేటి ఫాక్షనిస్టుల్లో పారుతోందని కొందరంటారు. నాకది నమ్మబుద్ధి కాదు. మన కాలపు ముఠాలు పెరిగింది పంచాయతీ పెత్తనం, సారా వేలంపాటలు, కాంట్రాక్టుల చుట్టూ. నెత్తురుకంటే డబ్బు లెక్కే అందులో ఎక్కువ. చచ్చినవాళ్లలో నాయకుల కంటే వాళ్ల వెంట తిరిగిన బీదవాళ్లే ఎక్కువ. జైలుకు పోయిందీ వాళ్లే.

ఈ లెక్క సినిమాకు అక్కర్లేకపోయింది. 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవరెడ్డి' వరసగా వచ్చాయి. కథానాయకుడు పెద్దింటి బిడ్డ, చేతిలో వేటకొడవలి, వెనక సుమోలు. పేరులో కులం కూడా ఉంటే మరీ మంచిది! అతని కోసం చచ్చే మనిషికి పేరుండదు, పెళ్లాం ఉండదు. కరువు గురించి, బోర్ల గురించి, వలసల గురించి కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ వంటివారు జీవితమంతా కథలు రాశారు. తెర మీద ఆ సీమ జాడ లేదు. కొండారెడ్డి బురుజు చూపిస్తే కర్నూలు చూపించినట్టే అయిపోయింది.

నిజం తెలియక తీశారని అనుకుందామా? 1997 నవంబరు 19న హైదరాబాదులో 'శ్రీరాములయ్య' సినిమా ప్రారంభోత్సవం నుంచి పరిటాల రవి తిరిగి వస్తుంటే కారు బాంబు పేలింది. 20 మందికి పైగా పోయారు. అందులో కెమెరాలు పట్టుకుని పనికొచ్చిన మనుషులూ ఉన్నారు. పరిశ్రమ గుమ్మం ముందే జరిగిన సంగతి అది. రెండేళ్లు తిరక్కుండానే బాంబులకు ఈలలు పడే సినిమాలు మొదలయ్యాయి.

అంతకు అరవై ఏళ్ల ముందు మన బళ్లారి రాఘవ గారు, వృత్తికి వకీలు, గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ'లో రైతుగా నటించారు. 1939 నాటి మాట. అందులోనూ దౌర్జన్యం ఉంది, కాకపోతే దెబ్బ తిన్నవాడి వైపు నిలబడి చూపించారు. అది జమీందార్లకు కోపం తెప్పించింది, సినిమాను ఆపించాలని చూశారు. కొడవలి సినిమాల మీద ఏ పెత్తందారుకూ అట్లా కోపం వచ్చినట్టు నేను వినలేదు. ఎందుకొస్తుంది?

2018లో కన్నడం నుంచి 'కె.జి.యఫ్.' వచ్చింది. తెలుగులోకి మార్చినదాన్ని మనవాళ్లు ఎగబడి చూశారు. పెద్దాయన బాకీ తీర్చుకునే అవకాశం నాకు దొరికింది. "ఏమప్పా, మీ కోలారు గనుల్లో నిజంగానే అట్లా నరుక్కున్నారా?" అన్నాను.

ఆయన నవ్వి, "అక్కడ గనిలో దిగింది తమిళులూ మీ తెలుగువాళ్లే కదప్పా. 2001లో గని మూసేస్తే రోడ్డున పడిందీ వాళ్లే. సినిమాలో కనపడ్డారా నీకు?" అన్నాడు.