చదువురాని వారి గ్రంథాలయము

గ్రంథాలయమనగా పుస్తకములు భద్రపరచు ఇల్లనియు, అక్షరజ్ఞానము గలవారే అందు ప్రవేశింపదగినవారనియు లోకమున ఒక అభిప్రాయము కలదు. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును నడిపిన పెద్దలు దీని నంగీకరింపలేదు. నూటికి తొంబదిమందికి పైగా చదువురాని కాలమది. అట్టి దేశమున పుస్తకములను సేకరించి బీరువాలలో నుంచినచో అవి చెదపురుగులకే ఉపయోగపడును. కావున వారు గ్రంథాలయమును వయోజనుల పాఠశాలగను, ఉపన్యాస మండపముగను, పురాణ కాలక్షేప స్థలముగను తీర్చిదిద్దిరి. ఈ చరిత్ర రాష్ట్రము వెలుపల తరతరములుగా స్థిరపడిన మనకు పాతకథ మాత్రము కాదు. నేడు మన ఇండ్లలో భాషకు కలిగిన దుస్థితికి అందొక సమాధానము కలదని చూపుటయే ఈ వ్యాసము నుద్దేశము.

1886లో విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తిగారు సరస్వతీ నిలయమును స్థాపించిరి. పదునైదేండ్ల పిమ్మట, 1901లో, హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. ఈ రెండవదాని పుట్టుక మనము ప్రత్యేకముగా గమనింపదగినది. నాడు హైదరాబాదు సంస్థానమున పాలనాభాష ఉర్దూ. అధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగే యైనను, కచేరీలో దానికి చోటు లేదు. 1921లో నగరమున జరిగిన ఒక సంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా గేలిచేసిరి. ఆ అవమానమునుండి పుట్టిన ఆంధ్రజన సంఘము తన ముఖ్యకార్యములలో గ్రంథాలయములను, పఠనమందిరములను నెలకొల్పుట నొకటిగా గ్రహించెను. రాజ్యము ఆదరింపని భాషకు ప్రజలు తాము కట్టుకొన్న ఇల్లే గ్రంథాలయమయ్యెను.

సర్కారు జిల్లాలలో ఈ యుద్యమమునకు రూపు కల్పించినవారు అయ్యంకి వేంకటరమణయ్యగారు. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగినది. అధ్యక్షపీఠము నలంకరించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. చిన్ననాటినుండి రేచీకటితో బాధపడి, తుదకు చూపును పూర్తిగా కోల్పోయిన ఆ మహనీయుడు, ఇతరులు చదువగా విని విద్య నార్జించి, ఆంధ్ర సాహిత్యమున శాశ్వతస్థాన మందెను. ఆయన గ్రంథాలయ సభకు అధ్యక్షుడగుట కాకతాళీయమే కావచ్చును. ఐనను చెవితో చదువు నేర్చిన పండితుడు ఆ పీఠమున కూర్చుండుటలో ఆ యుద్యమ స్వభావ మంతయు ప్రతిఫలించినదని చెప్పవచ్చును.

ఆ గ్రంథాలయములు చేసిన పని యెట్టిది? పగలెల్ల పొలములోను, మగ్గము మీదను శ్రమించినవారు సాయంకాలమున చేరెడివారు. చదువు వచ్చిన యువకుడొకడు లాంతరు వెలుగున వార్తాపత్రికను గట్టిగా చదివి వినిపించి, తెలియని మాటలకు అర్థము చెప్పెడివాడు. పిమ్మట రాత్రిబడి, పర్వదినములలో పురాణ పఠనము, హరికథ, వార్షికోత్సవములలో ఆరోగ్యమును గూర్చియు, వ్యవసాయమును గూర్చియు ఉపన్యాసములు. వినువారు రుసుము చెల్లింప నక్కరలేదు. ఖర్చునకు చందాలు, గ్రామస్థుల విరాళములు ఆధారము. చదువు రాదని తలవంచుకొని వచ్చినవాడు నలుగురితోపాటు లోకవార్తలు ముచ్చటించుచు ఇంటికి మరలెడివాడు.

ఈ భావము ఆంధ్రులకే పరిమితమైనది కాదు. బరోడా సంస్థానమున మహారాజు శాయాజీరావు గైక్వాడు 1910లో అమెరికానుండి బోర్డెను అను గ్రంథాలయ నిపుణుని రప్పించి, ఊరూర గ్రంథాలయములు నెలకొల్పించెను. చదువురాని వారికై బొమ్మలను, చలనచిత్రములను చూపు శాఖ నొకదానిని ఆ ప్రభుత్వమే నడపెను. 1919లో అయ్యంకివారి కృషివలన మద్రాసున జరిగిన అఖిల భారత గ్రంథాలయ మహాసభకు బరోడా గ్రంథాలయశాఖ నాయకుడగు కుడాల్కరుగారే అధ్యక్షులు. రాజు ధనముతో అక్కడ జరిగినది, సామాన్యుల చందాలతో ఇక్కడ జరిగినది.

గ్రంథాలయమునకు రాలేనివారి యొద్దకు గ్రంథాలయమే పోవలెనన్నది తరువాతి మెట్టు. 1931లో తంజావూరు జిల్లా మన్నారుగుడి ప్రాంతమున కనకసభై పిళ్ళెగారు ఎడ్లబండిపై పుస్తకములను పల్లెలకు పంపిరి. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెమున పాతూరి నాగభూషణముగారు పడవ గ్రంథాలయమును ప్రారంభించిరి. కొల్లూరునుండి పెదవడ్లపూడివరకు కాలువ వెంబడి అది సాగెడిది. ఆ బండికిని ఈ పడవకును భాషలు వేరు, సంకల్ప మొక్కటి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయమును, వయోజన విద్యను విడదీయరాని జంటగా భావించి, 1960లో మరణించు పర్యంతము రెంటికిని పాటుపడిరి. ప్రజాగ్రంథాలయము ప్రజల విద్యకు జీవశక్తి కావలెనని యునెస్కో 1949లో ప్రకటించునాటికి, మన పల్లెలలో ఆ పని మూడు దశాబ్దములకు పైగా సాగియే యుండెను.

ఇక మన విషయము. ఈ యుద్యమము పుట్టిననాడు నేటి సరిహద్దులు లేవు. బరంపురము 1936వరకు, బళ్ళారి 1953వరకు మద్రాసు రాష్ట్రములోనివే. ఫ్రెంచి పాలనలోని యానాము 1954లో భారతదేశమున చేరెను. గీతలు మారినను మనుష్యులు కదలలేదు. కాని పిల్లల చదువు మారినది. బరంపురమున ఒడియా, హోసూరున తమిళము, బళ్ళారిలో కన్నడము, షోలాపురపు నేతగాండ్ర ఇండ్లలో మరాఠీ బడిభాషలైనవి. తెలుగు చక్కగా మాటాడుచు, ఒక్క తెలుగక్షరమును గుర్తింపలేని పెద్దలు నేడు మనలో ఎందరో కలరు. వారిలో పట్టభద్రులును కలరు. మాతృభాష విషయమున వీరు 1914నాటి పల్లెవాసులతో సమానులు. చెవికి తెలిసిన భాష కంటికి తెలియదు. ఇట్టివారి కొరకు మన సంఘములు పుస్తకములను మాత్రము కొనుట, ఆకలిగొన్నవానికి వంటపాత్ర బహూకరించుట వంటిది.

చట్టములు మనకు కొంత తోడ్పడగలవు. తమిళనాట 1948నాటి చట్టము ననుసరించియు, కర్ణాటకమున 1965నాటి చట్టము ననుసరించియు ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. మనమును ఆ పన్ను చెల్లించువారమే కావున, ఆ గ్రంథాలయములలో తెలుగునకు ఒక బీరువాను, వారమునకొక సాయంకాలము సమావేశపు గదిని కోరుట యాచన కాదు. మహారాష్ట్రమున 1967నాటి చట్టము సంఘములు నడపు గ్రంథాలయములకు ప్రభుత్వ సహాయద్రవ్యము నొసగుచున్నది. కాని ఏ చట్టమును చదివి వినిపించు మనిషిని తెచ్చి యీయజాలదు. వానిని మనలోనుండియే ఎన్నుకొనవలెను.

ప్రతి సంఘమును వారమునకొక సాయంకాలము రుసుము లేని పఠనగోష్ఠి నడపుగాక. తెలుగు చదువగల వృద్ధుడో, గృహిణియో ఒక కథనో, పత్రికనో చదివి వినిపింపవలెను. విన్నవారు తమ మాటలలో దానిని చెప్పుకొనవలెను. పిమ్మట అరగంట అక్షరాభ్యాసము. ఇందుకు కావలసినది ఒక గది, ఒక దీపము, నలుబది చీర్లు కాదు, నలుగురు శ్రోతలు. తెలుగు చదువ నేర్చిన కడపటి పెద్దలు ఇంకను మనమధ్య నున్నారు. వారు చదువగా వినువారు లేకపోయినచో, రానున్న తరమునకు పుస్తకములు మిగులును గాని చదివి వినిపించువారు మిగులరు. ఈ సంగతిని సోదరాంధ్రులు ఆలోచింతురుగాక యని మనవి.