దున్నని భూమి ఎవరిది?

ఉప్పునుంతల మండలంలో పాఠం చెప్పే నాకు ప్రతి ఏడూ ఒక నవ్వు వినిపిస్తుంది. నల్లమల పటం గోడకు తగిలించి ఈర్లపెంట, బావిపెంట, పుల్లాయిపల్లి అని ఊళ్ల పేర్లు చదవగానే వెనక వరుసలో పిల్లలు కిసుక్కుమంటారు. కింది ఊళ్లల్లో పెంట అంటే పేడకుప్ప. చెంచుల ఊళ్లకు ఆ పేరేంటి సార్ అని ఒకడు అడుగుతాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సిగ్గుపడి ఆ పేర్లు గబగబా చదివేసేవాణ్ణి. నేనూ చెంచునే. ఇప్పుడు మాత్రం ఆగుతాను. వాళ్లను నవ్వనిచ్చి, "మీరు అనుకున్నది నిజమే, అది పేడ మాటే" అంటాను. మా గుట్టల మీద ఎవుసం కథ ఆ పేడ దగ్గరే మొదలవుతుంది మరి.

ముందు నేల ఎట్లా ఉంటుందో చెప్పాలి. ఉప్పునుంతల దగ్గర దుందుభి వాగు పారుతుంది. పటాల్లో దీనికే డిండి అని పేరు. ఈ వాగుకు దక్షిణంగా అచ్చంపేట దాటి, హాజీపూర్ మీదుగా పోతే ఘాటు మొదలవుతుంది. మన్ననూరు ఎక్కేసరికి గాలి మారుతుంది. ఇది అమ్రాబాద్ పీఠభూమి. దీనికి రెండు మెట్లు. కింది మెట్టు మీద అమ్రాబాద్, పదర లాంటి ఊళ్లున్నాయి. సముద్ర మట్టానికి ఇది దాదాపు 600 మీటర్ల ఎత్తు. అక్కడ చదును నేలలున్నాయి, చెరువులున్నాయి, నాగలి నడుస్తుంది. ఇంకో మెట్టు ఎక్కితే ఫరహాబాద్, అప్పాపూర్, రాంపూర్ వైపు లోతట్టు పెంటలు. అక్కడ నేల బెత్తెడు, దాని కింద బండ. వాన బాగానే పడుతుంది కానీ నిలవదు. రెండు రోజుల్లో లోయల్లోకి జారి కృష్ణలో కలుస్తుంది. కృష్ణ మా కాళ్ల కిందే ఉంటుంది, వందల మీటర్ల లోతులో. కల్వకుర్తి ఎత్తిపోతల పథకం ఆ కృష్ణ నీళ్లనే కింది మైదానాలకు తోడిపోస్తోంది. గుట్ట మీద మాత్రం ఎండాకాలం వస్తే వాగు ఇసుకలో చెలిమ తవ్వుకొని చెంబుతో ముంచుకోవాల్సిందే.

ఇట్లాంటి చోట ఎవుసం ఎట్లా చేస్తారు? మా తాత చెప్పిన లెక్క ఇది. ఎండాకాలంలో కింది ఊళ్ల వాళ్లు ఆవులను, బర్రెలను మేపడానికి అడవికి తోలుకొచ్చేవారు. మందలు రాత్రిపూట ఒకేచోట పడుకునేవి. నాలుగు నెలల్లో అక్కడ పేడ, మూత్రం పడి బండనేల కూడా నల్లబడేది. మందలు దిగిపోయాక ఆ జాగాకు ముళ్లకంప కట్టి, తొలకరికి మక్కలు, తైదలు చల్లేవారు. గుడిసె పక్కన కొంచెం పొగాకు. నాగలి లేదు, కొనకర్రతో బొక్క చేసి గింజ వేయడమే. ఒకటి రెండు పంటలకు బలం తగ్గితే ఇంకో జాగా చూసుకునేవారు. దాన్ని చేను అనేవాళ్లు కాదు, పెరడు అన్నట్టే చూసేవాళ్లు. కడుపు నింపేది అడవి. నూలగడ్డ, చెంచుగడ్డ తవ్వేవారు, ఇప్పపువ్వు ఏరేవారు, తునికిపండ్లు, మొర్రిపండ్లు తినేవారు, తేనె తీసేవారు. తిండికి కటకటగా ఉన్న రోజుల్లో చింతపండులో బూడిద కలిపి పులుపు విరిచి తినేవారని మా అవ్వ చెప్పేది. పిల్లలకు ఇది చెప్తే మొహం చిట్లిస్తారు. నేను తిని చూశాను, అంత చెడ్డగా ఏమీ ఉండదు.

1940 ప్రాంతంలో క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త ఈ పెంటల్లో తిరిగాడు. 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చువేశాడు. మా వాళ్ల గురించి వచ్చిన వివరమైన పుస్తకాల్లో అది ముందువరసలోది. గడ్డలు తవ్వే కర్ర, దాని మొనకు ఇనుప పొన్ను, విల్లు, గొడ్డలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. వాటికన్నా నాకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఒక్కో పెంటకు తనదైన అడవి ఉందని, ఏ వాగు నుంచి ఏ గుట్ట దాకా ఎవరిదో అందరికీ తెలుసని ఆయన గమనించాడు. అంటే దున్నకపోయినా హద్దు ఉంది. హద్దు ఉందంటే హక్కు ఉన్నట్టే కదా. మన పాఠాల్లో మాత్రం చెంచులు "ఆహార సేకరణ దశలో ఉన్నవారు" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ఆ మాట చదివిన పిల్లవాడికి, వీళ్లు భూమి సంగతి తెలియని వాళ్లు, ఎక్కడ పడితే అక్కడ తిరిగేవాళ్లు అన్న అర్థమే మిగులుతుంది. హైమన్‌డార్ఫ్ రాసిన ప్రతి మాటా నాకు నచ్చదు. ఆయన మమ్మల్ని పాతకాలానికి ఆనవాళ్లుగా చూసిన చోట్లు కూడా ఉన్నాయి. కానీ హద్దుల విషయంలో ఆయన సరిగ్గానే చూశాడు.

ఇంకో కాగితం కూడా ఉంది. ఉపాధ్యాయులు దాన్ని సంపాదించి బడిలో పెట్టుకోవాలని నా కోరిక. రాజ్యాంగం వచ్చాక, అయిదో షెడ్యూలు కింద 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వెలువడింది. అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో ఏ ఊళ్లు షెడ్యూల్డు ప్రాంతమో అందులో ఉంది. అచ్చంపేట తాలూకా కింద అరవైకి పైగా పేర్లున్నాయి. అది ప్రభుత్వ జాబితా కాబట్టి చదవడానికి ఏమీ ఉండదనుకుంటాం. బిగ్గరగా చదివి చూడండి. రసూల్ చెరువు, బొరమచెరువు, పులిచెలిమ, తాటిగుండాల, బుర్జుగుండాల, బావిపెంట, వెంకటేశ్వర్ల బావి. చెరువు, చెలిమ, గుండం, బావి. ఎక్కడ నీళ్లున్నాయో అదే ఊరి పేరు. తపసిపెంట ఉంది. తపసి చెట్టు బంక కొట్టి గిరిజన సహకార సంస్థకు అమ్మి చదివించిన అమ్మానాన్నలు మా వాళ్లలో చాలామంది. మామిడి పేరు, మేడి పేరు కూడా కనిపిస్తాయి. గుట్ట మీద నీళ్లెక్కడో, నీడ ఎక్కడో చెప్పే పటం అది.

ఆ జాబితాలో ఉప్నూతల అనే పేరు కూడా ఉంది. మా బడి పిల్లలు అది చూసి మన ఊరే అని ఎగిరి గంతేశారు. కాదు, అది అమ్రాబాద్, తిర్మలాపూర్, మాధవానిపల్లి పక్కన రాసి ఉంది, గుట్ట మీది ఊరు అని చెప్పాల్సి వచ్చింది. రెండు పేర్లలోనూ నూతి ఉందేమో, ఉప్పు నీళ్ల బావి ఉండేదేమో అని నా ఊహ. ఊహ అనే పిల్లలకూ చెప్పాను.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వాలు మమ్మల్ని రైతులను చేయాలనుకున్నాయి. తప్పు ఆలోచన అని నేను అనను. 1975లో చెంచులను ఆదిమ తెగగా గుర్తించారు. ఆ తర్వాత ఐటీడీఏ వచ్చింది, కాలనీలు, బడులు వచ్చాయి. ఆశ్రమ పాఠశాల లేకపోతే నేను టీటీసీ చేసేవాణ్ణి కాదు. కానీ భూమి ఇచ్చిన తీరు వేరే కథ. మా నాయినకు ఒక పథకం కింద జత ఎడ్లు, నాగలి ఇచ్చారు. చేను రాళ్లగుట్ట పక్కన. బావి మంజూరు కాగితంలో ఉంది, నేల మీద లేదు. మొదటి ఏడు ఆముదం వేశాడు. రెండో ఏడు వానలు మొహం చాటేశాయి. మూడో ఏడు జొన్న పొట్ట మీదున్నప్పుడు అడవి పందులు ఒక్క రాత్రిలో తొక్కేశాయి. మంచె మీద కావలి ఉన్నవాడు మా నాయినే. డబ్బా కొట్టి కొట్టి గొంతు పోయింది. ఎడ్లలో ఒకటి చచ్చిపోయింది, రెండోదాన్ని అమ్మేశాడు. ఆ తర్వాత వచ్చిన అధికారి "వీళ్లకు ఎవుసం మీద ధ్యాస లేదు" అని రాసుకుపోయాడట. ఆ రాసినాయన మంచె ఎక్కి ఒక్క రాత్రి ఉంటే బాగుండేది.

ఈ మధ్యలోనే పులుల అభయారణ్యం వచ్చింది. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల ప్రాజెక్టు, రాష్ట్రం విడిపోయాక అమ్రాబాద్ టైగర్ రిజర్వు, 2,611 చదరపు కిలోమీటర్లు. అడవిలో సాగు వద్దు, గొడ్డలి వద్దు, ఇప్పుడు ఊరే వద్దు అంటున్నారు. కుడిచింతలబయలు, సార్లపల్లి, వటవర్లపల్లి వాళ్లను కిందికి తరలించే పని నడుస్తోంది. కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదంటే పునరావాసం. సార్లపల్లి పేరు 1950 జాబితాలో ఉంది. పోవాలా ఉండాలా అన్నది అక్కడివాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి. రోడ్డు, ఆసుపత్రి, పిల్లల చదువు కావాలని దిగేవాళ్లను నేను తప్పు పట్టను. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు చెంచులు, లంబాడీలు, కింది ఊళ్ల రైతులు ఒకే రోడ్డు మీద కూర్చున్నారు. ఆ సెప్టెంబరులో శాసనసభ తీర్మానం చేసింది. అప్పుడు గుట్ట అందరిదీ అయింది.

ఇక పట్టాల సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం కింద, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి పట్టా అడగొచ్చు, 4 హెక్టార్ల దాకా. ఇక్కడే మా వాళ్లు వెనకబడ్డారు. చెట్టు కొట్టి, దున్ని, గట్టు వేసినవాడు చూపించడానికి ఏదో ఉంది. తరతరాలుగా చెట్టు కొట్టకుండా గడ్డ తవ్వుకున్నవాడు ఏం చూపించాలి? అడవిని మిగిల్చినందుకే చేతికి కాగితం రాలేదు. దున్నుకున్న లంబాడీ అన్నల మీద కోపం పెట్టుకుంటే లాభం లేదు. వాళ్లూ మెట్టనేలలో రెక్కలు ముక్కలు చేసుకున్నవాళ్లే.

కానీ చట్టంలో ఇంకో దారి ఉంది, చాలామంది అక్కడిదాకా చదవరు. వ్యక్తిగత పట్టా ఒక్కటే కాదు, సాముదాయక హక్కు ఉంది, ఆదిమ తెగలకు ఆవాస ప్రాంతపు హక్కు ఉంది. సాక్ష్యాల గురించి చెప్పిన నియమం చదవండి. దుంపలు, గడ్డలు తవ్వుకునే చోట్లు, అడవి పండ్లు ఏరుకునే చోట్లు, మనుషులకో పశువులకో నీళ్లిచ్చే చోట్లు, ఇవన్నీ సాక్ష్యమే. పెద్దవాళ్లు చెప్పిన మాట రాసి పెడితే అదీ సాక్ష్యమే. చెలిమ సాక్ష్యం. నూలగడ్డ సాక్ష్యం.

అందుకే రెండేళ్లుగా వేసవి సెలవుల్లో ఒక పొడుగు నోటుబుక్కు పట్టుకొని పెంటలకు పోతున్నాను. పెద్దవాళ్ల పక్కన కూర్చొని, ఏ వాగు దగ్గర ఏ గడ్డ, ఏ నెలలో, ఎవరి హద్దు అని అడిగి రాసుకుంటున్నాను. వాళ్లు ముందు నవ్వుతారు, పంతులువై ఉండి నీకు తెల్వదా అంటారు. తర్వాత వేలు చూపించి చెప్తారు. పోయినేడు ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు నాతో వచ్చారు. ఒకడు చెంచు, ఒకడు ఉప్పునుంతల పక్క తండావాడు. సాయంత్రం 1950 జాబితా తీసి, మేము రాసుకున్న పేర్లను దాంతో సరిచూశారు. జాబితాలో లేని చెలిమలు పదకొండు తేలాయి. వాటి పేర్లు చెప్పిన అవ్వ, ఇంకా ఉన్నాయి గానీ పొద్దుపోయింది, రేపు రమ్మంది.