పడవల దారి కోసం వచ్చిన ఇంజనీరు

మా వర్ధన్నపేటలో పాత ఇల్లు విప్పుతున్నారంటే ముందు చూసేది దర్వాజలనూ దూలాలనూ. టేకువైతే వాటిని పారేయరు. కోత మిల్లుకు తోలి, చెక్కలు కోయించి, కొత్త ఇంటికి వాడుకుంటారు. ఈ కలప ఎక్కడిదని అడిగితే ముసలివాళ్ళు చెప్పేది ఒకటే: గోదారి అడవిది.

ఈ ప్రత్యేక సంచికకు గోదారి ఒడ్డు ఊరు ఒకదాని గురించి రాయమన్నప్పుడు దుమ్ముగూడెం ఎంచుకున్నాను. వర్ధన్నపేటవాడికి దుమ్ముగూడెంతో ఏం పని అంటారేమో. 1953లో ఖమ్మం వేరు జిల్లా అయ్యేదాకా ఏటికి ఇవతలి ఒడ్డు మన వరంగల్ జిల్లాదే. అవతలి ఒడ్డు పరాయిది. ఎందుకు పరాయిదైందో చెప్పాలంటే ఎఫ్.టి. హేగ్ అనే ఇంజనీరు దగ్గరికి పోవాలి.

హేగ్ మద్రాసు సైన్యపు ఇంజనీర్ల దళంలోని మనిషి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక దాన్ని కట్టించిన ఇంజనీరు కాటన్ చూపు ఏటికి ఎగువన పడింది. నాగపూరు, వార్ధా వైపు పత్తిని పడవల మీద కాకినాడకు దించాలన్నది ఆలోచన. ఈ ఏటిలో పడవ ఎంతవరకు పోతుందో కొలిచి 1856లో నివేదిక ఇచ్చినవాడు హేగ్. దారికి మూడు అడ్డంకులున్నాయి, మూడూ రాతి మెట్లే: భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం, దాని మీద ఇచ్చంపల్లి, ప్రాణహితలో దేవలమర్రి. ఒక్కో చోట ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులు పెట్టి పడవను మెట్టు దాటించాలి.

పడవల దారికి రెండు ఒడ్లూ ఒకే చేతిలో ఉంటే మంచిదని తెల్లదొరలు అనుకున్నారు. 1860 ఒప్పందంలో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను వదులుకున్నాడు. ఏటి మీద సుంకాలూ పోయాయి. భద్రాచలం, చర్ల, నూగూరు, ఆల్బాక, సిరోంచ అలా బ్రిటిషు చేతికి పోయి ఎగువ గోదావరి జిల్లా అయ్యాయి. సిరోంచ దానికి ముఖ్యపట్టణం.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందక పోవడంతో దుమ్ముగూడెం పనికి ఊపు వచ్చింది. కానీ మన్యం జ్వరం కూలీలను నిలవనివ్వలేదు. వరద నెలలు దాటితే ఏటిలో పడవకు నీళ్ళు చాలవు. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. పత్తి ఏరు వదిలి రైలెక్కింది. 1871లో సర్కారు పథకాన్నే ఆపేసింది. హేగ్ లెక్కల్లో తప్పు లేదనే నా అభిప్రాయం. అయితే రైలు ఏ తేదీకి వస్తుందో ఆయన లెక్కలో లేదు.

ఆ ఏటిలో నిజంగా సాగిన సరుకు కలపే. దానికి ఇంజనీరూ అక్కర్లేదు, లాకులూ అక్కర్లేదు. పచ్చి టేకు నీళ్ళలో మునుగుతుంది. అందుకని దుంగలకు వెదురు కట్టలు కట్టి, తెప్పలు చేసి, వరదకు వదిలితే రాజమండ్రి అడితీల దగ్గర తేలేవి. ఆవిరి యంత్రాలు రాకముందు ఆ దుంగలను కోయడానికి ఒక మనిషి గుంటలో, ఒకడు పైన నిలబడి రంపం లాగేవారు. దొరలు ఏలిన ఇతర దేశాల్లో కొలత పని చేసేవాళ్ళు కొందరు కలప వ్యాపారంలోకి దిగారు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో విలియం పెట్టిగ్రూ అనే సర్వేయరు 1853లో ఆవిరి రంపపు మిల్లు పెట్టి, తర్వాత ఆ ఊరికి మేయరయ్యాడు. హేగ్ చుట్టూ టేకు అడవి ఉంది. ఆయన అటు చూడలేదు.

చూసింది కోయవాళ్ళ వైపు. దుమ్ముగూడెంలో కోయ మిషన్ పుట్టడానికి ఆయనే కారణం. గోదావరి పనుల్లో ఉద్యోగం చేస్తున్న వెంకటరామరాజు ఆయన ప్రభావంతో క్రైస్తవం తీసుకుని, ఉద్యోగం విడిచి, అక్కడే ప్రచారకుడయ్యాడు. తర్వాత జాన్ కెయిన్ అనే పాదిరి ఏళ్ళ తరబడి ఉన్నాడు. ఆయన భార్య ఆడవాళ్ళకు నేర్పిన లేసు అల్లిక దుమ్ముగూడెం లేసుగా పేరుపడింది. నాగపూరు పత్తి కోసం పని మొదలెట్టిన ఊరికి చివరకు నూలు పని లేసు రూపంలో వచ్చిందన్నమాట! హేగ్ మాత్రం కొలిచే అలవాటు మానలేదు. జనరల్ అయ్యాక ఎర్రసముద్రపు తీరం, యెమెన్ తిరిగి అక్కడ మిషన్ పెట్టే వీలు గురించి నివేదికలు రాశాడు.

ఎగువ గోదావరి జిల్లా నిలవలేదు. 1874లో భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానికి మారాయి. అలా గోదావరి జిల్లాలో, తర్వాత తూర్పు గోదావరిలో ఉండి, 1959లో గానీ భద్రాచలం ఖమ్మం జిల్లాకు రాలేదు. 2014లో పోలవరం ముంపు పేరు మీద ఏడు మండలాలు ఆంధ్రకు పోయాయి. దుమ్ముగూడెం మనకే మిగిలింది. దాని ఆనకట్టకు ఎగువ నుంచే నేడు సీతారామ ఎత్తిపోతలకు నీళ్ళు తోడుతున్నారు. భద్రాచలం గుడి తెలంగాణలో ఉంది. ఆ రాముడి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో ఉంది.