ఉన్నితో కట్టిన ఈగ

ట్రౌటు అను చన్నీటి చేపను కృత్రిమపు ఈగతో పట్టు విద్య ఆంగ్లేయులదే యని పలువురు తలంతురు. 1496లో వెస్టుమినిస్టరున అచ్చుపడిన గాలపువేట గ్రంథము అట్టి యీగలను పండ్రెండింటిని వర్ణించుట నిజమే. కాని క్రీస్తుశకము 200 ప్రాంతముననే ఏలియను అను రోమను రచయిత, మాసిడోనియాలోని ఆస్ట్రేయసు నదియందలి మచ్చల చేపలను గూర్చి వ్రాసెను. తేనెటీగవలె మ్రోయుచు నీటిపై తిరుగు నొక పురుగు వాని కాహారము. ఆ పురుగునే గాలమునకు గ్రుచ్చరాదా యందురేమో! మనుష్యహస్తము సోకినంతనే దాని వన్నె చెడును, ఱెక్కలు వాడును, చేప ముట్టదు. ఈ చిక్కే ఆ విద్యకు మూలము. జాలరులు గాలమునకు ఎఱ్ఱని యున్ని చుట్టి, కోడిపుంజు గొంతుక్రింది మైనపువన్నె యీకలు రెండు కట్టిరి. ఆరడుగుల కఱ్ఱ, అంతియే దారము. వన్నెకు భ్రమసి చేప నోరు తెఱచెడిది. ఏలియను ఇది విని వ్రాసినవాడే గాని కన్నవాడు కాడు. ట్రౌటని పేర్కొనలేదు, ఆ మచ్చలను బట్టియే తరువాతివా రట్లు తలంచిరి.