గేటు దగ్గర బోర్డు

పని చరిత్ర మీద రాస్తున్న వరుసలో ఇది మూడో భాగం.

"రేపట్నుంచి రావొద్దు." మన పేటల్లో ఈ మాట పడని ఇల్లు అరుదు. కారణం చెప్పరు, కాగితం ఇవ్వరు. మేస్త్రీ నోటితో అంటాడు, మర్నాడు మస్టర్‌లో పేరుండదు. ఈ మాటకు అడ్డుకట్ట ఎలా పడిందో, ఎవరి దాకా వచ్చి ఆగిపోయిందో చూద్దాం.

మొదట్లో చట్టం యజమాని చేతి కర్ర. 1859లో బ్రిటిష్ ప్రభుత్వం పనివారి ఒప్పంద ఉల్లంఘన చట్టం తెచ్చింది. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల్లో మొదలై తర్వాత మిగతా చోట్లకీ పాకింది. అడ్వాన్సు తీసుకున్న కూలీ పని మానేస్తే మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. డబ్బు కట్టాలి, లేదా పనికి పోవాలి. రెండూ కాదంటే మూడు నెలల దాకా కఠిన జైలు. మరి కూలీని ఊరికే తీసేసిన యజమానికి? ఆ చట్టంలో అతనికి శిక్ష లేదు. పాలేరుతనం చూసిన ఊళ్ళకు ఈ లెక్క కొత్తది కాదు. 1925లో గానీ దాన్ని రద్దు చేయలేదు.

1936 వేతనాల చెల్లింపు చట్టం జరిమానాల మీద ఒక హద్దు గీసింది. ఏ తప్పుకు జరిమానా ఉంటుందో ముందే నోటీసు పెట్టాలి. వేసేముందు సంజాయిషీ వినాలి. రిజిస్టరులో రాయాలి. ఆ డబ్బు యజమాని జేబులోకి కాదు, కార్మికుల మేలుకే పోవాలి.

తర్వాతి అడుగు బాబాసాహెబ్ కార్మిక శాఖ చూస్తున్న కాలంలో పడింది. పనిచోట అవమానం ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు. 1917లో బరోడా సంస్థానం కొలువుకు వెళ్తే అద్దెకు ఇల్లు దొరకలేదు. తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. ఆయన్ని ఎవరూ బర్తరఫ్ చేయలేదు, ఉద్యోగం చేయలేని స్థితి కల్పించారంతే. ఉద్యోగంలోంచి తీసేయడానికి అదీ ఒక పద్ధతే. బొంబాయి మిల్లుల్లో దళితుల్ని నేత ఖాతాలోకి రానివ్వకపోవడమూ ఆయన ఎత్తి చూపినదే. అక్కడ నూలును నోటితో పీల్చాలి, మైల అంటుకుంటుందట!

1946 ఏప్రిల్‌లో వచ్చిన స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం యజమాని నోటిమాటను కాగితం మీదికి దింపింది. ఏది దుష్ప్రవర్తన, ఎప్పుడు సస్పెన్షన్, ఎలా తొలగింపు, నోటీసు ఎంత, అన్యాయం జరిగితే ఎవరికి చెప్పుకోవాలి అన్నీ ముందే రాయాలి. ఆ రాత కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో, వాళ్ళు వచ్చిపోయే గేటు దగ్గర బోర్డు మీద ఉండాలి. ఆ నియమాలు న్యాయంగా ఉన్నాయా లేదా అని అధికారి చూసే వీలు మాత్రం 1956 సవరణతోనే వచ్చింది.

అయితే ఆ చట్టం వర్తించింది 100 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థలకే. పొలం కూలీకి, ఇంటి పనిమనిషికి బోర్డెక్కడిది? 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ సంఖ్యను 300 చేసింది. రాజ్యాంగం 311వ అధికరణం ఆరోపణ చెప్పకుండా, జవాబు వినకుండా ప్రభుత్వోద్యోగిని బర్తరఫ్ చేయకూడదంది. మునిసిపాలిటీలో చీపురు పట్టే మనిషి కాంట్రాక్టరు కింద ఉంటే ఆ రక్షణ కూడా అందదు. ఆమెను తీసేశామని ఎవరూ అనరు, "కాంట్రాక్టు అయిపోయింది" అంటారు. గెస్ట్ లెక్చరర్లకూ ఇదే భాష.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. హెచ్చరిక, జరిమానా, సస్పెన్షన్, తొలగింపు ఉద్యోగం మీద పడే శిక్షలు. అందరి ముందూ నిలబెట్టడం, గుంజీలు తీయించడం, కులం పేరుతో తిట్టడం మనిషి మీద పడేవి. ఏ స్టాండింగ్ ఆర్డరూ వీటికి అనుమతివ్వదు. నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే అది 1989 అత్యాచార నిరోధక చట్టం కింద నేరం.

విద్యార్థి మిత్రులారా, మీ క్యాంపస్‌లో ఊడ్చే అమ్మల్ని, గేటు దగ్గరి వాచ్‌మన్ అన్నల్ని అడగండి: అపాయింట్‌మెంట్ కాగితం ఉందా? తీసేస్తే ఎన్ని రోజుల నోటీసు? చెప్పుకోడానికి ఎవరున్నారు? జవాబులు రాసిపెట్టండి. వచ్చే భాగం వాటితోనే మొదలుపెడదాం.

జై భీమ్.