పెరెన్నియల్: ఒక మాట, ఒక నది

ఇంగ్లీషు పత్రికలు చదివేవారికి ‘పెరెన్నియల్’ అనే మాట తరచుగా ఎదురవుతూ ఉంటుంది. ఊళ్ళో మంచినీటి ఎద్దడి పెరెన్నియల్ సమస్య. ప్రతి ఎన్నికలోను నిలబడి ప్రతిసారీ ఓడిపోయే పెద్దమనిషి పెరెన్నియల్ అభ్యర్థి. వేసవిలోనూ ఎండని ఏరు పెరెన్నియల్ ఏరు. ఈ వాక్యాలన్నిటికీ సరిపోయే తెలుగు మాట ఒక్కటి దొరకదు. మొక్క అయితే బహువార్షికం, ఏరు అయితే జీవనది, సమస్య అయితే ‘ఎప్పుడూ ఉండేదే’ అంటారు. జీవనది అన్న మాటలో ప్రాణమున్నది. ఇంగ్లీషు మాటలో ఉన్నది కాలపు లెక్క మాత్రమే.

ఆ లెక్కకు కొలత సంవత్సరం. లాటిన్ భాషలో ‘అన్నుస్’ అంటే సంవత్సరం, ‘పెర్’ అంటే పొడుగునా. ఈ రెండూ కలిసి ‘పెరెన్నిస్’ అయింది. 17వ శతాబ్దం మధ్యకాలంలో ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్లకు వాడేవారు. ఆ శతాబ్దం ముగియకముందే ఏళ్ళ తరబడి బ్రతికే మొక్కలన్నిటికీ వర్తించింది. సమస్యలకూ అభ్యర్థులకూ అంటుకోవడం ఆ తరువాతి ముచ్చట.

స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ప్రకటించిన తన మహాగ్రంథంలో ఈ ఆయుర్దాయాలకు గ్రహాల గుర్తులు వాడాడు. ఒక్క ఏడాదితో ముగిసే మొక్కకు సూర్యుడు, రెండేళ్ళదానికి కుజుడు, బహువార్షికానికి గురువు, మానుకట్టే వృక్షానికి శని. కుజుడు సూర్యుని చుట్టి రావడానికి సుమారు రెండేళ్ళు, గురువుకు పన్నెండు, శనికి ఇరవైతొమ్మిదిన్నర పడుతుంది. పంచాంగం తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

అయితే మొక్క స్వభావం ఒకటి, రైతు అవసరం మరొకటి. కంది స్వతహాగా బహువార్షికమే. ఏడాది పంటగా వేసి కోసివేస్తారు. పత్తి కూడా అంతే. ఈజిప్టులో 1820 ప్రాంతాన ఝుమెల్ అనే ఫ్రెంచివాడు కైరోలోని ఒక తోటలో అందానికి పెంచుతున్న పత్తి చెట్టును చూశాడు. దాని పొడుగు పింజ యూరపు మిల్లులకు బాగా నచ్చింది. పాలకుడు మహమ్మదాలీ ఆ పత్తిని దేశమంతటా వేయించాడు. బహువార్షికమైన ఆ మొక్కను ఏటేటా విత్తే పంటగా మార్చారు. దానికోసం నీటిపారుదలను మాత్రం పెరెన్నియల్ చేయవలసి వచ్చింది!

ఏమంటే, నైలు జీవనదే అయినా దాని సేద్యం అంతవరకు అలాంటిది కాదు. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో వరద వచ్చేది. గట్లు కట్టిన విశాలమైన మడుల్లో ఆ నీటిని నలభై, యాభై రోజులు నిలగట్టి, ఒండ్రు పేరుకున్నాక వదిలివేసేవారు. ఆ పదునుమీద గోధుమ, చిక్కుళ్ళు పండేవి. వేసవిలో నేల ఎండి బీటలు వారేది. ఇలా వేల సంవత్సరాలు సాగింది. పత్తికి నీరు కావలసినదేమో సరిగ్గా వేసవిలో, నది అడుగంటినప్పుడు.

అందుకని మొదట లోతు కాలువలు త్రవ్వించారు. అవి ఏటా పూడిపోయేవి, పూడికతీతకు రైతులను వెట్టికి తోలుకుపోయేవారు. తరువాత కైరోకు దిగువన నదికి అడ్డంగా ఆనకట్ట తలపెట్టారు. రాళ్ళకోసం పిరమిడ్లను విప్పమని మహమ్మదాలీ ఆజ్ఞాపించగా, లీనాన్ అనే ఇంజనీరు, గనిలో రాయి తీయడమే చవక అని లెక్కలు చూపి తప్పించాడట. ఆనకట్ట 1861లో పూర్తయింది గాని, నీరు నిలబెట్టగానే పగుళ్ళిచ్చింది. భారతదేశపు కాలువలమీద పనిచేసి వెళ్ళిన స్కాట్ మాంక్రీఫ్ బృందం 1890 నాటికి దానిని బాగుచేసింది. ఈ దేశంలోనే పుట్టి రూర్కీలో చదివిన విల్కాక్స్ అస్వాన్ జలాశయాన్ని రూపొందించాడు. అది 1902లో పూర్తయింది. సంవత్సరానికి ఒక పంట పండే భూములు రెండు, మూడు పంటలకు వచ్చాయి.

కాని ఎండి బీటలు వారే ఆ వేసవి ఒక మేలు చేస్తూ ఉండేది. పాత మడుల్లోని నత్తలు ఎండకు చాలవరకు చచ్చేవి. కాలువల్లో ఏడాది పొడుగునా నీరుంటే నత్తలకూ ఏడాది పొడుగునా కాపురమే. 1851లో కైరోలో థియొడోర్ బిల్‌హార్జ్ అనే జర్మన్ వైద్యుడు మనిషి నెత్తుటిలో ఒక పురుగును కనిపెట్టాడు. మూత్రంలో నెత్తురు పడే జబ్బుకు అదే కారణం. ఆ పురుగు నత్తలో పెరిగి, నీటిలోకి వచ్చి, కాలువలో దిగినవాని చర్మం గుండా చొరబడుతుందని లైపర్ 1915లో నిరూపించాడు. 1937లో ప్రకటించిన ఒక పరిశీలనలో, మడి సేద్యమున్న చోట నూటికి సుమారు అయిదుగురికీ, పెరెన్నియల్ సేద్యమున్న చోట సుమారు అరవైమందికీ ఈ జబ్బు కనిపించింది. పంట లెక్క వేసినవారు ఈ లెక్క వేయలేదు.

కథ అక్కడితో ఆగలేదు. 1950 తరువాత మూడు దశాబ్దాలపాటు ప్రభుత్వం పల్లెపల్లెకూ వెళ్ళి ఈ జబ్బుకు సూదిమందు పొడిపించింది. సరిగా మరగించని గాజు పిచికారీలనే ఒకరి తరువాత ఒకరికి వాడారు. వాటితో ‘హెపటైటిస్ సి’ అనే కాలేయవ్యాధి లక్షలాదిమందికి సోకింది. అప్పటికి ఆ వైరస్సును ఎవరూ ఎరుగరు, దానిని గుర్తించినది 1989లో. మింగే మాత్రలు వచ్చాక సూదులు మానివేశారు. కాలేయవ్యాధికి కొత్త మందులు వచ్చిన తరువాత ఈజిప్టు కోట్లమందికి రక్తపరీక్షలు చేయించి చికిత్స ఇప్పించింది. ఆ వ్యాధి నిర్మూలన బాటలో ఈజిప్టు చాలా ముందున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో గుర్తించింది.